కర్ర బరువు – దెబ్బ బలము

మన పల్లెలలో బిళ్ళంగోడు ఆడు పిల్లలు తమ కర్రను ఊరకే ఏరుకొనరు. చేతికి దొరికిన కర్రనెల్ల పట్టుకొని, గాలిలో రెండు మూడు మారులు విసరి చూతురు. మరీ లావుగా నున్నచో చేయి తిరుగదందురు. మరీ సన్నముగా నున్నచో బిళ్ళ పోదందురు. ఒకచోట గోటీబిళ్ళ యనియు, మరియొకచోట చిర్రగోనె యనియు పిలువబడు ఈ ఆటలో పసివారు ఏ శాస్త్రమును చదువకయే తీర్చుకొను సందేహమే, గోల్ఫు ఆటలో నూరేండ్లుగా పనివారిని, ఆటగాండ్రను, శాస్త్రజ్ఞులను ఆలోచింపజేయుచున్నది. కొట్టెడి కర్ర ఎంత బరువుండవలెను? ఈ ప్రశ్నను గూర్చి శ్రోతలతో నేడు ముచ్చటింప దలచితిమి.

గోల్ఫు స్కాట్లండులో పెరిగిన ఆట. అయినను మన దేశమునకు క్రొత్తది కాదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లోనే స్థాపింపబడినది. బ్రిటిషు దీవులకు వెలుపల అంతకన్న పాత గోల్ఫు సంఘము లేదు. తెలుగునాట విశాఖపట్టణమునను, హైదరాబాదులో గోల్కొండ నయాఖిల్లా యందును గోల్ఫు మైదానములు కలవు. ఆటను చూడని వారికొరకు ఒక్క మాట. నిశ్చలముగా నేలపైనున్న చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరముననున్న గుంటలో వీలైనన్ని తక్కువ దెబ్బలలో వేయవలెను. అట్టి గుంటలు 18. ఆటగాడు తనవెంట 14 కర్రలకు మించి తీసికొనిపోరాదు. ప్రతి కర్రకును చేత పట్టుకొను పిడి, పొడవైన కాడ, బంతిని తాకు తల అని మూడు భాగములుండును. ఈ మూడింటి బరువుల పొందికయే మన విషయము.

తొలినాళ్ళలో కాడ కొయ్యతో చేయబడెడిది. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి వచ్చిన హికరీ కొయ్య అన్నింటిని మించినదిగా పేరు పొందినది. అది దృఢమైనదే కాని బరువైనది, విసరునప్పుడు మెలిపడును, రెండు కాడలు ఒక్క తీరుగా నుండవు. ఉక్కు గొట్టముతో చేసిన కాడలను స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 1929లో అంగీకరించిరి. 1970 ప్రాంతమున గ్రాఫైటు కాడలు వచ్చినవి. ఉక్కుకాడ నూరు గ్రాములకు పైబడి తూగుచుండగా, నేటి గ్రాఫైటు కాడలలో పెక్కు 50, 60 గ్రాములే తూగును. మిక్కిలి దూరము కొట్టుటకై వాడు డ్రైవరు అను కర్ర మొత్తము బరువు నేడు సుమారు 310 గ్రాములు. ఒక విశేషము గమనింపదగినది. కాడ బరువు సగమునకు తగ్గినను, డ్రైవరు తల బరువు మాత్రము నాడును నేడును ఇంచుమించు 200 గ్రాములే. కొయ్యతల పోయి లోపల బోలుగా నుండు టైటానియము తల వచ్చినది. తల పరిమాణము ఎంతయో పెరిగినది. బరువు మాత్రము పెద్దగా మారలేదు. దీనికి కారణము గణితముననే కలదు.

గోల్ఫు బంతి 45.93 గ్రాములకు మించి తూగరాదని నియమము. 200 గ్రాముల తల గంటకు 90 మైళ్ళ వేగముతో వచ్చి బంతిని తాకెననుకొందము. ఆ తాకిడి సెకనులో రెండువేలవ వంతు కాలము మాత్రమే యుండును. లెక్కప్రకారము బంతి గంటకు 134 మైళ్ళ వేగముతో బయలుదేరును. ఇప్పుడు తలను 250 గ్రాములకు పెంచి, అదే 90 మైళ్ళ వేగముతో కొట్టగలిగితిమేని, బంతి వేగము 139 మైళ్ళగును. అనగా తలబరువును నాలుగవ వంతు పెంచినను బంతికి దక్కిన లాభము అయిదు మైళ్ళే. కాని బరువైన తలను అదే వేగముతో త్రిప్పుట మనచేత నగునా? వేగము 90 నుండి 86 మైళ్ళకు పడిపోయినచో లాభమంతయు హరించి, పైపెచ్చు నష్టము మిగులును. పోనీ, తలను 150 గ్రాములకు తగ్గింతమా? 90 మైళ్ళకు బంతివేగము 126 కు దిగును. పోయినదానిని తిరిగి రాబట్టుటకు కర్రను 95 మైళ్ళకు పైగా విసరవలెను. అది బలశాలికిని సులభము కాదు. ఇటు పెంచినను, అటు తగ్గించినను పెద్ద లాభము లేని మధ్యస్థానమే ఆ 200 గ్రాములు. లెక్క వేయుటకు చాల ముందే పనివారి చేయి దానిని కనుగొన్నది.

బరువెంత అనుటతో ప్రశ్న తీరలేదు. బరువెక్కడ అనునది అంతకన్న ముఖ్యము. ఇంటిలోని గొడ్డలిని చూడుడు. కామ కొనను పట్టుకొని త్రిప్పినచో మిక్కిలి బరువుగా తోచును. దానినే తలక్రిందులుగా, ఇనుమునకు దగ్గరగా పట్టుకొని త్రిప్పినచో తేలికగా తిరుగును. గొడ్డలి బరువు మారలేదు. చేతికిని ఇనుమునకును నడుమనున్న దూరము మారినది. ఈ దూరము రెట్టింపైనచో, అదే బరువు త్రిప్పుటకు నాలుగు రెట్లు ఎదురుతిరుగును. కర్రను విసరు వేగము దాని మొత్తము బరువుపై కన్న ఈ ఎదురుపైననే ఎక్కువగా ఆధారపడునని, బంతిని కొట్టు కర్రలతోను బ్యాట్లతోను పరిశోధకులు చేసిన ప్రయోగములు చూపినవి.

ఈ తత్త్వమును కొలుచుటకు 1920 దశకమున అమెరికాలో రాబర్టు ఆడమ్స్ అను నతడు ఒక త్రాసును కల్పించెను. మన సంతలలో వాడెడి తూనికకోల వంటిదే యది. పిడి కొననుండి 14 అంగుళముల దూరమున కర్రకు ఆధారము పెట్టి, తల ఎంత బలముగా క్రిందికి లాగుచున్నదో చూతురు. ఆ కొలతకు స్వింగు వెయిటు అని పేరు. దానిని ఏ, బీ, సీ, డీ అను అక్షరములతోను, సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలతోను తెలుపుదురు. పురుషుల కర్రలు సామాన్యముగా డీ-సున్న మొదలు డీ-మూడు వరకును, స్త్రీల కర్రలు సీ వరుసలోను ఉండును. తలకు 2 గ్రాముల సీసపు పట్టీ అంటించినచో ఒక అంకె పెరుగును.

ఈ త్రాసు మేలైనదే కాని, మోసపోవని త్రాసు కాదు. పిడి లోపల 5 గ్రాముల బరువు చేర్చినచో త్రాసు ఒక అంకె తగ్గించి చూపును. నిజమునకు కర్ర తేలిక కాలేదు. 5 గ్రాములు బరువెక్కినది. త్రిప్పుటకు ఎదురు మాత్రము మునుపటివలెనే యున్నది. కావున అంగడిలో అక్షరము, అంకె చూచి మురిసిపోరాదు. మొత్తము బరువు, తల బరువు, స్వింగు వెయిటు, ఈ మూడింటిని కలిపి చూడవలెను.

ఇక మనిషి శరీరమునకు వత్తము. గోల్ఫు దెబ్బను రెండు లోలకములు కీలుతో కలిసినట్లుగా భావింపవచ్చునని, 1968లో ఆలస్టెర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనువారు ప్రకటించిన గ్రంథము వివరించినది. భుజమునుండి మణికట్టు వరకు ఒక లోలకము. మణికట్టునుండి తలవరకు రెండవది. మొదటిది ముందు కదలును. రెండవది కొరడా కొనవలె వెనుక నుండి వచ్చి, తుదిని ముందునకు దూకును. తల మరీ బరువైనచో ఆ దూకుట ఆలస్యమగును. బంతిని తాకు వేళకు తల పూర్తిగా తిరుగక, కుడిచేతివాటము వాని బంతి తరచు కుడివైపునకు పోవును. తల మరీ తేలికైనచో అది ఎక్కడనున్నదో చేతికి తెలియదు. ఆటగాడు తొందరపడి, నడుము తిరుగకముందే చేతులతో కొట్టును. ఇట్లు బరువు వేగమునే కాక లయను కూడ శాసించుచున్నది. సంగీతమున తాళము తప్పినవాడు ఎంత గట్టిగా పాడినను ప్రయోజనము లేనట్లే, ఇచటను లయ చెడినవానికి బలము అక్కరకు రాదు.

ఒక్క కర్ర సరిపోయిన చాలదు. పదునాలుగును ఒకదానితో నొకటి పొసగవలెను. డ్రైవరు పొడవు 45 అంగుళములు, తల 200 గ్రాములు. గుంట సమీపమున బంతిని ఎత్తివేయు వెడ్జి పొడవు 35 అంగుళములు, తల 300 గ్రాములు. ఇనుపకర్రలలో పొడవు అర అంగుళము తగ్గిన ప్రతిసారియు తల సుమారు 7 గ్రాములు పెరుగును. దూరము తగ్గినదానికి బరువు పెంచి సరిపెట్టుట ఇందలి మర్మము. అన్ని కర్రలును చేతికి ఒక్కటిగానే తోచవలెనని వీరి పట్టుదల. 1930లో ఆ కాలపు నాలుగు మహాపోటీలను ఒక్క యేటనే గెలిచిన బాబీ జోన్స్ తన కొయ్యకాడల కర్రలను చేతితో తూచియే ఏర్చుకొనెననియు, తరువాత యంత్రముతో కొలువగా ఒక్కటి తప్ప అన్నియు సరిపోయెననియు, ఆ ఒక్కటియే ఆయనను జన్మమంతయు బాధించినదనియు గోల్ఫు లోకమున ఒక కథ వ్యాప్తిలో కలదు.

మరి సామాన్యుడు తనకు తగిన బరువును ఎట్లు తెలిసికొనవలెను? ఖరీదైన యంత్రములు లేకున్నను మార్గము కలదు. కర్రతలకు కొద్దిగా సుద్దపొడి రాచి, ఇరువది బంతులు కొట్టి, బంతి తాకిన గురుతులను చూడుడు. పిదప 4 గ్రాముల సీసపు పట్టీ అంటించి మరల ఇరువది కొట్టుడు. గురుతులు ఏ బరువున ఒక్కచోట గుమిగూడినవో ఆ బరువే మీది. ఒక్క బంతి ఎక్కువ దూరము పోయినదని భ్రమపడరాదు; ఇరువదింటి సగటును చూడవలెను. ఈ పరీక్షను శరీరము అలసిన వేళ మరల చేయుట మేలు. మొదటి గుంటవద్ద హాయిగా నున్న కర్ర పదునెనిమిదవ గుంటవద్ద భారమగుట కలదు. అయితే పోటీ జరుగుచుండగా పట్టీలు అంటించి కర్ర గుణమును మార్చరాదని నియమము కలదు. ఈ సర్దుబాట్లన్నియు ముందే చేసికొనవలెను.

ఇంత సూక్ష్మముగా చెప్పుటకు ముఖ్యకారణము పిల్లలు. తండ్రి వాడి విడిచిన కర్రను కోసి పొట్టిచేసి కుమారుని చేతికిచ్చుట పరిపాటి. పొట్టిదైనది గనుక పిల్లవానికి తగినదని పెద్దల ఊహ. కాని పెద్దవాని తల అట్లే యున్నది. పెద్దవాని కాడ పొట్టిదై మునుపటికన్న బిరుసెక్కినది. లేత మణికట్టు దానిని ఆపలేదు. అందుచే బాలుడు నడుము వెనుకకు వంచి, ఒళ్ళంతయు ఊపి కొట్టుట నేర్చును. కర్ర బరువు నేర్పిన ఆ వంకర, పెరిగి పెద్దవాడై మంచి కర్ర కొనుక్కొన్నను విడువదు. ఆతని నడుమునకును మేలు చేయదు. క్రికెట్టు బ్యాటు విషయమునను, బిడ్డ చేతికి మించిన మరి యే పనిముట్టు విషయమునను ఇదే మాట. బిడ్డకు కర్ర తగినదో కాదో చూచుటకు సులభోపాయ మొకటి కలదు. పిడి చివర ఒంటిచేత పట్టుకొని, చేయి చాచి, కర్రను నేలకు సమముగా కొంతసేపు నిలుపుమనుడు. చేయి వణకి క్రిందికి వాలినచో ఆ కర్ర ఇంకను వానిది కాదు.

గోల్ఫు ధనవంతుల ఆటయని లోకమున మాట కలదు. కాని ఆ ధనవంతుల సంచులను మోసిన పిల్లలలోనుండి మహా ఆటగాండ్రు పుట్టిరి. ఢిల్లీలో సంచులు మోసిన అలీషేర్ 1991లో ఇండియన్ ఓపెన్ పోటీని గెలిచెను. భారతీయ వృత్తి ఆటగాడు దానిని గెలుచుట అదియే మొదలు. కలకత్తా మైదానమున గడ్డి పెంచు పనివాని కుమారుడైన చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్‌ను, 2016, 2017లలో ఇండియన్ ఓపెన్‌ను గెలిచెను. ఆయన ఖ్యాతి దూరపు దెబ్బలవలన వచ్చినది కాదు. గుంట చెంత ఆడు చిన్న దెబ్బల నేర్పువలన వచ్చినది. అచట 300 గ్రాముల తలను మెల్లగా, నిదానముగా నడిపించుటయే విద్య.

సంచిమోయు బాలునికి కర్ర నెన్నుకొను భాగ్యముండదు. పరులు విడిచినదే ప్రాప్తము. మైదానముల యజమానులును, ఆటగాండ్రును తమ పాతకర్రలను దానమిచ్చునపుడు ఆ బాలుని ఎత్తును, బలమును ఒక్కసారి చూచి, తల తేలికైన దానిని, కాడ మెత్తనైన దానిని ఏరి ఇచ్చినచో, ఖర్చు లేని మేలు చేసినవారగుదురు. ఏ బరువు గొప్పది అను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. ఎవరి చేతిలో అను రెండవ ప్రశ్న వేసిన పిమ్మటనే మొదటిదానికి జవాబు దొరకును.