యంత్రము మూగవోయినపుడు

విమానము ఆలస్యమైనదను ప్రకటన చెవిని బడినంతనే ప్రయాణికులు మొదట విమాన సంస్థను నిందింతురు, పిమ్మట వాతావరణమును. ఈ రెండింటితోను సంబంధము లేని మూడవ కారణ మొకటి కలదు. ఎచటనో ఒక మసక వెలుతురు గదిలో, తెరల యెదుట కూర్చున్న కొందరి చేతిలోని పరికరము పని మానివేసి యుండవచ్చును. ఆ గదిని గూర్చియు, అట్టి సమయమున అందలివారు చేయు పనిని గూర్చియు నేడు కొంత ముచ్చటించుకొందము.

ఆకాశమున దారులు లేవని మన మనుకొందుము. కలవు. వానికి హద్దులును, కాపరులును కలరు. మన దేశపు గగనతలము ప్రధానముగ ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అను నాలుగు ప్రాంతములుగ విభజింపబడినది. హైదరాబాదు మీది ఆకాశము చెన్నై ప్రాంతములోనిది. ఈ దారులను కాచువారిని కంట్రోలర్లందురు. వారికి రాడార్ కన్ను వంటిది. రేడియో నోరును చెవియును. ఏ విమానము ఎప్పుడు ఏ దారిన రానున్నదో గుర్తుంచుకొను కంప్యూటరు జ్ఞాపకశక్తి. పొరుగు కేంద్రముతో మాటాడుటకు టెలిఫోను ఉండనే యున్నది. వీనిలో ఏది ఎప్పుడు మొరాయించునో చెప్పలేము.

కన్ను పోయినదనుకొందము. రాడార్ లేని దినములలో సైతము విమానములు నడచినవి. పైలటు తాను ఏ స్థానమును ఏ నిమిషమున దాటెనో, ఏ ఎత్తున నున్నాడో రేడియోలో చెప్పును. కంట్రోలరు దానిని సన్నని కాగితపు పట్టీపై వ్రాసికొని, అట్టి పట్టీలను ఎదుట వరుసగ పేర్చుకొని, ఆకాశమును మనసులోనే చిత్రించుకొనును. తెర ఆరిపోయినపుడు నేటికిని ఆ పాత విద్యయే శరణ్యము. కాని దానికొక మూల్యము కలదు. రాడార్ చూపున్నంత కాలము, ఒకే ఎత్తున పోవు రెండు విమానముల నడుమ సాధారణముగ 5 నాటికల్ మైళ్లు, అనగా 9 కిలోమీటర్లకు కొంచెము మించిన దూరము చాలును. చూపు పోయినచో, ఒకే దారిన ముందు వెనుకలుగ పోవు విమానములకు 10 నిమిషముల ఎడము సామాన్య నియమము. గంటకు 900 కిలోమీటర్ల వేగముతో పోవు జెట్ విమానము 10 నిమిషములలో 150 కిలోమీటర్లు దాటును. తొమ్మిది యెక్కడ, నూటయేబది యెక్కడ! అంతవరకు పెక్కు విమానములు పట్టిన ఆకాశము ఒక్కసారిగ ఇరుకైపోయినదన్నమాట.

కావున పరికరము చెడినపుడు కంట్రోలరు మొదట చేయు పని దానిని బాగుచేయుట కాదు. అది ఇంజనీర్లు చూచుకొందురు. ఇతడు క్రొత్త విమానములు రాకుండ ఆపును. నేలపై నున్నవి నేలపైననే నిలిచిపోవును. గాలిలో నున్నవానిని ఒకదానికొకటి కనీసము 1000 అడుగుల ఎత్తు తేడా యుండునట్లు సర్ది, ఒక్కొక్కదానిని దింపును, లేదా పొరుగు కేంద్రమునకు అప్పగించును. విమానాశ్రయమున మనము విసుగుకొనుచు గడపు ఆ గంటలు నిర్లక్ష్యమునకు ఫలితమని మన మెంచుదుము. అనేక పర్యాయములు అవి ఎవరో ఆకాశమును జాగ్రత్తగ ఖాళీ చేయుచున్న గంటలు.

ఇక నోరు పడిపోయిన కథ యొకటి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున పామ్‌డేల్ అను చోట లాస్ ఏంజెలస్ ప్రాంతపు కేంద్రము కలదు. 2004 సెప్టెంబరు 14వ తేదీ సాయంకాలము 5 గంటల ప్రాంతమున అచటి రేడియో వ్యవస్థ ఒక్కసారిగ నిలిచిపోయినది. దాదాపు 400 విమానములతో మాట తెగినది. తెరపై చుక్కలు కదలుచునే యున్నవి. రెండు చుక్కలు దగ్గరగుచుండుట కంటికి కనబడుచునే యున్నది. చెప్పుటకు మాత్రము దారి లేదు. ఇంటిలో రేడియో మూగవోయినచో మనకు పాట తప్పును, అంతియే. అచట విమానములు ఉండవలసిన ఎడము దాటి దగ్గరకు వచ్చిన సందర్భములు కనీసము ఐదు తేలినవి. ఎవరికిని ప్రాణాపాయము కలుగకపోవుట ఆనాటి అదృష్టము.

కారణము వినిన నవ్వు వచ్చును. ఆ వ్యవస్థను నడుపు కంప్యూటరులో కాలమును మిల్లీసెకనులలో లెక్కించు గడియార మొకటి యుండెను. అది 429 కోట్లకు కొంచెము మించిన అంకె వరకే లెక్కించగలదు. అనగా 49 దినముల 17 గంటలు. ఆ గడువు నిండినచో యంత్రము ఆగిపోవును. ఈ లోపము తెలిసియే, 30 దినములకొకసారి దానిని ఆపి మరల నడుపవలెనని నియమము పెట్టిరి. ఆ మారు ఎవరో మరచిరి. ఇట్టి సమయమునకై ఉంచిన రెండవ వ్యవస్థయో, నడిపిన కొలది సేపటికే అదియు కూలినది. మనిషి మరువకుండుటపై ఆధారపడు యంత్రమును యంత్రమని పిలువవచ్చునా యని మాకు సందేహము. 2007 సెప్టెంబరు 25న మెంఫిస్ కేంద్రమున మాట తెగినపుడు అచటి కంట్రోలర్లు తమ జేబులలోని సొంత సెల్‌ఫోనులతో పొరుగు కేంద్రములకు చెప్పి విమానములను అప్పగించిరి. నియమావళిలో లేని ఉపాయమే అయినను, మేము దానిని మెచ్చుకొనుచున్నాము.

రెండవ యంత్రము మొదటిదానికి కవల తమ్ముడైనచో ఏమగునో ఇంగ్లండులో 2023 ఆగస్టు 28న తెలిసినది. లాస్ ఏంజెలస్ నుండి పారిస్ పోవు ఒక విమానపు ప్రయాణ పత్రమున ఒకే సంకేతనామము గల రెండు స్థానములు వచ్చినవి. ఒకటి ఫ్రాన్సులోని దోవిల్, రెండవది అమెరికాలోని డెవిల్స్ లేక్. రెండింటికిని సంకేతము డీవీఎల్. కంప్యూటరు తికమకపడి, తప్పు సమాచారము పంపుటకన్న ఊరకుండుట మేలని ఆగిపోయినది. అంతవరకు మెచ్చుకొనదగినదే. రెండవ కంప్యూటరు అదే పత్రమును అందుకొని, అదే రీతిగ ఆలోచించి, తానును ఆగిపోయినది. ఇదంతయు 20 సెకనులలోపల! నాలుగు గంటలకు సరిపడు సమాచారము ముందే నిలువయుండుటచే ఆకాశమున నున్నవారికి అపాయము రాలేదు. కాని ఆ పిదప పత్రములను చేతితో ఎక్కించవలసి వచ్చి, విమానములను బాగుగ తగ్గించిరి. ఏడు లక్షలకు మించిన ప్రయాణికులు ఇబ్బంది పాలైరి. ఇంటి నుండి పని చూచుచున్న ఇంజనీరు కేంద్రమునకు స్వయముగ రావలసి వచ్చి, అందును చాల కాలము గడచినది.

పూర్తిగ పోయిన యంత్రముకన్న సగము పోయిన యంత్రము భయంకరము. 2002 జులై 1వ తేదీ రాత్రి స్విట్జర్లాండులోని జ్యూరిక్ కేంద్రమున మరమ్మతు పని పెట్టుకొనిరి. అకస్మాత్తుగ వచ్చినది కాదు, అనుకొని చేసినదే. రాడార్ తక్కువ స్థాయిలో నడుచుచున్నది. అందుచే 5 మైళ్ల ఎడమును 7కు పెంచిరి. రెండు విమానములు దగ్గరగుచున్నచో తెరపై కనబడవలసిన హెచ్చరిక ఆ రాత్రి లేదు. లేదను సంగతి కూర్చున్న కంట్రోలరునకు తెలియదు. ప్రధాన టెలిఫోనును ఆపిరి. దాని స్థానమున పని చేయవలసిన తీగ చెడియున్నది. ఇన్ని తక్కువైన రాత్రి మనుషులైన పెరగవలెను గదా? వాడుక ప్రకారము రెండవ కంట్రోలరు విశ్రాంతికి పోగా, ఒక్కడే రెండు స్థానములు చూచుచుండెను. ఆలస్యముగ వచ్చిన మరియొక విమానమును దింపుటకై సమీప విమానాశ్రయమునకు ఫోను చేయ యత్నించుటలో అతని దృష్టి చిక్కుకొన్నది.

అదే సమయమున 36,000 అడుగుల ఎత్తున ఒక రష్యా విమానమును, ఒక సరకు విమానమును ఎదురుపడుచున్నవి. పొరుగున జర్మనీలోని కార్ల్‌స్రూ కేంద్రమువారు తమ తెరపై హెచ్చరికను దాదాపు రెండు నిమిషముల ముందే చూచి, జ్యూరిక్‌నకు మరల మరల ఫోను చేసిరి. ఆ ఫోను మ్రోగలేదు. ఇతడు గుర్తించునప్పటికి ఒక నిమిషమైనను మిగులలేదు. రష్యా విమానమును దిగుమనెను. అందలి హెచ్చరిక పరికరము ఎక్కుమనెను. పైలట్లు మనిషి మాటనే వినిరి. రెండవ విమానము తన పరికరము చెప్పినట్లు దిగుచున్నది. యూబర్లింగెన్ పట్టణము మీద అవి ఢీకొని 71 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది సెలవులకు స్పెయిను పోవుచున్న పిల్లలు. అట్టి సమయమున పరికరము మాటయే పాటింపవలెనని పిదప అంతర్జాతీయ నియమములలో స్పష్టపరచిరి.

ఆ రాత్రి ఏ ఒక్క వస్తువు లేకపోవుటయు అంత కీడు చేసియుండదు. ఏవి లేవో ఎవరును ఒకచోట కూర్చి చెప్పకపోవుటయే, విమానములకు బదులు మనుషులను తగ్గించుటయే కీడు చేసినదని మా అభిప్రాయము.

మన ఢిల్లీలో 2025 నవంబరు మొదటి వారమున ప్రయాణ పత్రములను చేరవేయు కంప్యూటరు వ్యవస్థ చెడినపుడు వానిని చేతితో సిద్ధపరచవలసి వచ్చినది. 800కు మించిన విమానములు ఆలస్యమైనవి. ప్రయాణికులు మండిపడిరి. అది సహజమే. కాని అచట ఆకాశమునకు తగినట్లు విమానములనే తగ్గించిరి.

ఇక కేంద్రములోని యంత్రము గాక, విమానములోని రేడియోయే పాడైనచో? పైలటు తన గుర్తింపు పరికరమున 7600 అను అంకె నుంచును. దానిని తెరపై చూచి, తనకు మాట రాదని కంట్రోలరు గ్రహించును. విమానాశ్రయమును సమీపించినంతనే అచటి టవరు నుండి సంకేత దీపమును అతనివైపు త్రిప్పుదురు. నిలుకడగ పచ్చని వెలుగు కనబడినచో దిగవచ్చును. నిలుకడగ ఎఱ్ఱని వెలుగైనచో ఇతర విమానములకు దారి యిచ్చి చుట్టు తిరుగుచుండవలెను. ఎఱ్ఱని వెలుగు మినుకుమినుకుమనినచో అచట దిగరాదు. తనకు అర్థమైనదని పైలటు పగటివేళ రెక్కల నూపియు, రాత్రివేళ దీపములను రెండుమార్లు వెలిగించి ఆర్పియు తెలుపును.