కొలిమి దగ్గర వినని పాఠం

 

నేను 1985 పదో తరగతి బ్యాచ్. ముప్పై ఏళ్లుగా నా పని ఫోర్జింగ్, అంటే ఇనుమును కాల్చి అచ్చులో పెట్టి కొట్టడం. మన బడి వెనక కొలిమిలో జరిగిందీ అదే. అక్కడ సమ్మెట, మా దగ్గర టన్నుల బరువున్న హ్యామర్.

కారు ఇంజనులో కనెక్టింగ్ రాడ్ నిమిషానికి వేలసార్లు లాగుడూ తోపుడూ భరించాలి. ఉక్కు దిమ్మను కోసి ఆ ఆకారం తెస్తే లోపలి పోగులు మధ్యలో తెగుతాయి. సుమారు 1,200 డిగ్రీల దాకా కాల్చి కొడితే అవి ఆకారం వెంట వంగుతాయి. నాగలి కోసం వడ్రంగి సహజంగా వంగిన కర్రను వెతికేదీ ఇందుకే.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక అచ్చు గీశాను. తర్వాత కోత పని తగ్గుతుందని మూలల్ని గుండ్రం చేయకుండా పదునుగా ఉంచాను. హ్యామర్ నడిపే పెద్దాయన చూసి, "ఇక్కడ మడత పడుద్ది బాబూ" అన్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను వినలేదు.

లోహం ఆ మూల వెంట తిరగలేక దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి తన మీదే పడింది. కాలిన ఇనుము మీద పేరుకునే పెచ్చు అడ్డొచ్చి పొరలు అతకలేదు. పైకి నున్నగానే ఉంది. తనిఖీలో వెంట్రుకంత పగుళ్లు బయటపడ్డాయి. సరుకంతా తుక్కు కిందికి పోయింది. అందరూ హ్యామర్ సరిగ్గా పడలేదన్నారు. పెద్దాయన ముందే చెప్పాడని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నింద ఆయనే మోశాడు.

అప్పుడు మన క్లాసులోని కమ్మరి కుర్రాడు గుర్తొచ్చాడు. దాగలి అంచు ఒకవైపు గుండ్రంగా ఎందుకుందని ఒకసారి అడిగాను. "పదునుగా ఉంటే వంచిన చోటే ఇనుము తెగుద్దిరా" అన్నాడు. లెక్కల్లో తప్పి వాడి చదువు ఆగిపోయింది. లెక్కల్లో ఫస్టు వచ్చిన నేను అదే ముక్క నేర్చుకోవడానికి ఒక లాటు ఉక్కు తగలేశాను.

గురువులకు నా మనవి ఒక్కటే. ఏడాదికి ఒక్క పూటైనా పిల్లల్ని కొలిమి దగ్గరకు తీసుకెళ్లండి. పాఠం కమ్మరినే చెప్పనివ్వండి. బొగ్గు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

ఆ మిత్రుడు ఈ సభలోనే వెనక వరుసలో ఉన్నాడు. ఒరేయ్, ముందుకు రా. ఈ శాలువా నీది.