పెంకలు తీసి రేకులు వేస్తున్నరా? ముందు ఈ బరువు లెక్క చూడండి

ఈ ఎపిసోడ్ ఇంటి కప్పు గురించి. "అది బాపు చూసుకుంటడులే" అని స్క్రోల్ చెయ్యకండి. మిస్త్రీతో మాట్లాడేది బాపు కావచ్చు, కానీ చేతిల ఫోన్, కాలిక్యులేటర్ ఉన్నది మీకు. ఈ పనికి రెండూ కావాలె.

మన కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ పల్లెల్లో పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా రేకుల ఇళ్లు అయితున్నయి. కారణం అందరికీ తెలిసిందే. కోతులు దుంకి పెంకలు పలగ్గొడుతున్నయి. వానకాలం ముందు పెంకలు సర్దే మనిషి దొరకట్లేదు. స్లాబుకు పైసలు సరిపోవు. కాబట్టి రేకులు. ఇందులో తప్పేం లేదు. తప్పు ఎక్కడంటే, పెంకల కింద ఉన్న పాత కట్టె మీదనే రేకులు పరిచి, పని అయిపోయిందనుకోవడం.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: పెంక బరువుతో నిలబడుతది, రేకు బిగింపుతో నిలబడుతది.

లెక్క చూద్దాం. 100 చదరపు అడుగుల కప్పు తీసుకోండి. బెంగుళూరు పెంకలైతే దాని బరువు దాదాపు మూడున్నర నుంచి నాలుగు క్వింటాళ్లు. అదే జాగల అర మిల్లీమీటరు ఇనుప రేకు వేస్తే 40, 45 కిలోలు. ఇప్పుడు ఎండకాలంల సాయంత్రం వచ్చే గాలిదుమారం సంగతి. గాలి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో కొడితే, అదే 100 చదరపు అడుగుల మీద దాని ఒత్తిడి సుమారు రెండున్నర నుంచి మూడు క్వింటాళ్లు ఉంటది. గాలి కప్పు మీదినుంచి పోతుంటే కప్పును కిందికి నొక్కదు, చాలా వరకు పైకి గుంజుతది. తలుపు, కిటికీ తెరిచి ఉంటే లోపలికి వచ్చిన గాలి కూడా కిందినుంచి నెడుతది. నాలుగు క్వింటాళ్ల పెంకలు ఆ గుంజుడుకు ఆగుతయి. 45 కిలోల రేకు ఎట్ల ఆగుతది?

అందుకే గాలి వచ్చినప్పుడు ఒక్కోసారి ఒక్క రేకు కాదు, వాసాలతో సహా మొత్తం కప్పే లేస్తది. ఎందుకంటే పాత ఇంట్ల దూలాలు, వాసాలు గోడ మీద ఊరికే కూర్చొని ఉంటయి. వాటిని పట్టి ఉంచింది పెంకల బరువే. ఆ బరువు మీరు దించేసిండ్రు.

మొదటి తప్పు ఇదే: కప్పును గోడకు కట్టకపోవడం. ఇటుక గోడ అయితే పైన కాంక్రీట్ బెల్ట్ పోయించి, అందులో దింపిన బోల్టులకు ఇనుప పైపులు బిగించాలె. మట్టిగోడలో బోల్టు ఆగదు. అక్కడ ఇనుప స్తంభాలను కింద కాంక్రీటుల నిలబెట్టి, కప్పును వాటి మీద ఎక్కించాలె. ఖర్చు పెరుగుతది, నిజమే. ఎగిరిపోయిన కప్పును మళ్లీ వేయడం కన్నా తక్కువే.

రెండో తప్పు, రేకుల మీద రాళ్లు పెట్టడం. బండరాళ్లు, ఇసుక బస్తాలు, పాత టైర్లు అన్ని ఊర్లల్ల కనిపిస్తయి. నాలుగు రాళ్లు పెడితే క్వింటాళ్ల లెక్క తీరదు. పైగా రేకు లేస్తే ఆ రాయి కింద పడుకున్నవాళ్ల మీద పడుతది. రాయి కాదు, రబ్బరు వాషర్ ఉన్న స్క్రూలు కావాలె. సిమెంట్ రేకులకైతే జె హుక్కులు. చూరు దగ్గర, చివర్ల దగ్గర గాలి గుంజుడు అన్నిటికంటే ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి.

మూడో తప్పు, రేకు మందం నోటిమాట మీద నమ్మడం. "పాయింట్ ఫైవ్ ఇచ్చినం" అంటరు. తూకం వేయించండి. మామూలుగా రేకు చుట్ట వెడల్పు 4 అడుగులు, మడతలు పడ్డాక మూడున్నర అడుగులు కప్పుతది. అట్లాంటి 10 అడుగుల రేకు అర మిల్లీమీటరు మందం ఉంటే 14 కిలోల పైన తూగాలె. 12 కిలోల లోపే తూగితే అది పాయింట్ ఫోర్. దింపేటప్పుడే ఫొటో తీసి, బిల్లు మీద మందం రాయించుకోండి.

నాలుగోది, రేకు మీద రేకు ఎక్కించే తీరు. వానకాలం గాలి మనకు ఎక్కువగా పడమటి దిక్కు నుంచి కొడుతది. కాబట్టి తూర్పు చివర మొదలుపెట్టి పడమరకు రావాలె. అప్పుడు అతుకు సందు గాలికి ఎదురుగా ఉండదు, నీళ్లు లోపలికి కొట్టవు. పైరేకు కిందిరేకు మీదికి కనీసం 6 అంగుళాలు రావాలె. వాలు తక్కువ ఉంటే ఇంకా ఎక్కువ.

ఐదోది ప్రాణం మీదికి వచ్చేది. కరెంటు సర్వీస్ వైరు రేకుకు రాసుకుంటుంటే, గాలికి ఊగి ఊగి దాని తొడుగు అరిగిపోతది. వాన పడ్డ రోజు ఇల్లంతా షాక్ కొడుతది. పని మొదలు కాకముందే లైన్‌మన్‌ను పిలిచి సప్లై తీయించండి, వైరు రేకుకు తగలకుండా ఎత్తులో కట్టించండి. రేకుకు కట్టిన బట్టల తీగ కూడా వద్దు.

సిమెంట్ రేకులు తీసుకునేటోళ్లకు రెండు మాటలు. వాటిల్లో ఆస్బెస్టాస్ ఉంటది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. చాలా దేశాలు నిషేధించినయి, మన దగ్గర ఇంకా అమ్ముతున్నరు. గ్రైండర్‌తో పొడిగా కొయ్యనియ్యకండి. నీళ్లు చల్లి చేతి రంపంతో కోయాలె, ఇంట్ల పిల్లలు ఉండొద్దు. పాత రేకులు తీసేటప్పుడు కూడా పలగ్గొట్టొద్దు. రెండోది, సిమెంట్ రేకు మీద నేరుగా కాలు పెట్టొద్దు. అది చెప్పకుండ విరుగుతది. పైపుల మీద పలక వేసి దాని మీదనే నడవాలె. ఆ పైపుల మధ్య దూరం నాలుగున్నర అడుగులు దాటొద్దు.

ఇగ వేడి. పెంకల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోయేది. రేకు ఆ సందులు మూసేస్తది. మన రామగుండం, ఆదిలాబాద్ ఎండలు మీకు చెప్పేదేముంది? గోడకు, కప్పుకు మధ్య జాలీ పెట్టి గాలి పోయే దారి ఉంచండి. ముదురు రంగు రేకు అందంగా ఉంటది, కానీ లోపల కాలుతది. తెల్లది తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం 2023ల తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేది కూడా అదే సూత్రం: ఎండను వెనక్కి కొట్టే కప్పు కింద ఇల్లు చల్లగుంటది.

చివరగా పైసల ముచ్చట. "పాత సామాను నాకిడిసిపెట్టు, కూలి తగ్గిస్త" అని మిస్త్రీ అంటే వెంటనే సరే అనకండి. మన దిక్కు పాత ఇండ్లల్ల టేకు దూలాలు ఉంటయి. వాటి ధర విడిగా కనుక్కున్నాకనే మాట్లాడండి. పైసలు మొత్తం ముందే ఇయ్యకండి. చివరి వాయిదా ఒక్క గట్టి వాన చూసినంక ఇస్తమని మొదట్లనే ఒప్పుకోండి, వాట్సాప్‌ల రాసి పెట్టుకోండి. ఈ పని ఎండకాలం గాలిదుమారాలు మొదలుకాక ముందే, సంక్రాంతి అయినంక పెట్టుకుంటే మంచిది.

మీ ఇంట్ల ఇప్పటికే రేకులు ఉన్నయా? అయితే రేపు పొద్దున ఒక్క పని చెయ్యండి. కింద నిలబడి చూరు దగ్గర ఫోన్‌తో జూమ్ చేసి చూడండి. పైపు గోడకు దేనితో కట్టి ఉంది? ఏం కనపడకపోతే, బాపుతో కూర్చొని ఈ వీడియో ఇంకోసారి చూడండి. ఉంటా మరి, జాగ్రత్త.