మన వార్డులోని ప్రశ్న

ఈరోజు వైద్య పట్టాలు అందుకున్న మీతో, పేగు వ్యాధుల వైద్యుడిగా నన్ను ఎప్పుడూ వెంటాడే ఒక చిక్కు గురించి మాట్లాడతాను. పాతికేళ్ల కుర్రాడు వస్తాడు. కడుపునొప్పి, సాయంత్రమైతే జ్వరం, తగ్గిపోతున్న బరువు. కొలనోస్కోపీ చేస్తే చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట పుండ్లు. ముక్క తీసి పరీక్షకు పంపితే గ్రాన్యులోమాలు అనే కణాల గుంపులు. ఇది పేగు టీబీ కావచ్చు, పేగులో దీర్ఘకాలం వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధీ కావచ్చు. క్రోన్స్‌ను టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే ఇస్తే, ఈలోగా పేగు ఇరుకైపోవచ్చు. టీబీని క్రోన్స్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే ప్రాణానికే ముప్పు.

ఈ చిక్కు పాతదే. 1913లో గ్లాస్గో సర్జన్ డాల్జీల్ ఇలాంటి పేగుల్ని వర్ణిస్తూ, టీబీని పోలి ఉన్నా ఆ క్రిమి కనబడలేదని రాశారు. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ రాసిన వ్యాసంతో వ్యాధికి గుర్తింపు వచ్చింది. తర్వాత పాశ్చాత్య దేశాల్లో టీబీ తగ్గింది. అక్కడి వైద్యులకు ఈ సందేహం అరుదైపోయింది. మనకు పోలేదు.

1998లో అమెరికాలో క్రోన్స్‌కు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనుమతి పొందింది. రోగనిరోధక శక్తిని అణిచే ఆ మందు ఎందరికో ఉపశమనం ఇచ్చింది. అయితే 2001లో, అది వాడినవారిలో టీబీ బయటపడిన 70 కేసుల్ని ఒకచోట చేర్చి చూశారు. వాటిలో 64, టీబీ తక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చినవే. ఏ ఒక్క ఆసుపత్రీ తనకొచ్చిన ఒకటి రెండు కేసులతో ఈ ప్రమాదాన్ని పసిగట్టలేకపోయేది. ఈ మందు మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి అని ఈరోజు మీరు పాఠ్యపుస్తకంలో చదివేది అలా కేసుల్ని కలిపి చూడటం వల్లే. దేశాలు కలిసి పనిచేయడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ కథే.

జన్యువుల సంగతి ఇంకాస్త లోతైనది. నాడ్2 జన్యువులో మార్పులకు, క్రోన్స్‌కు సంబంధం ఉందని 2001లో తేలింది. ప్రపంచమంతా సంబరపడింది. కానీ యూరప్ రోగుల్లో దొరికిన ఆ మూడు ప్రధాన మార్పులు మన రోగుల్లో దాదాపు కనబడవు. 2015లో వెలువడిన అంతర్జాతీయ కన్సార్షియం అధ్యయనంలో యూరప్ సంతతివారు 86,640 మంది ఉంటే, తూర్పు ఆసియా, భారత్, ఇరాన్ వారందరూ కలిపి 9,846 మంది. ఆ కొద్దిమంది చేరినందువల్లే, జాతుల మధ్య ఏ జన్యువు బలం ఎంత మారుతుందో పోల్చిచూడగలిగాం. పదివేలు కూడా నిండని ఆ సంఖ్య చాలదు. నాకు ఆవేదన కలిగించేది ఈ అంకెలే.

క్రోన్స్ వంటి పేగువాపు వ్యాధులు పట్నాల్లోనే ఉన్నాయన్న నమ్మకమూ చెదిరింది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు లక్షణాలున్న 30 వేల మందికి పైగా రోగుల్ని పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల్లోనూ ఈ వ్యాధులు గట్టిగానే ఉన్నాయి.

అందుకే మీకు చెబుతున్నాను: విదేశాల నుంచి పరిశోధనలో కలవమని పిలుపు వస్తే తప్పక వెళ్లండి, కానీ రక్తం గొట్టాలు, ముక్కలు పంపి చేతులు దులుపుకోకండి. ప్రశ్న రాసేటప్పుడే ఆ బల్ల దగ్గర కూర్చోండి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలని పట్టుబట్టండి. ఫలితం వచ్చాక ఆ రోగికీ చెప్పండి. కేస్ షీట్‌లో జ్వరం ఎప్పుడు మొదలైందో, ఏ మందుకు ఎన్నాళ్లకు తగ్గిందో వివరంగా రాయండి, ఎందుకంటే అది లేని నమూనా ఏ ప్రయోగశాలకూ పనికిరాదు.

పేగు టీబీని, క్రోన్స్‌ను ప్రతి రోగిలోనూ కచ్చితంగా విడదీసే ఒకే ఒక్క పరీక్ష ఇప్పటికీ లేదు. రెండు వ్యాధులూ మన దగ్గర ఒకే వార్డులో పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి, అలాంటి పరీక్ష కోసం జరిగే అధ్యయనానికి నాయకత్వం వహించాల్సింది మీరే. పారిస్, బోస్టన్, హాంకాంగ్ పరిశోధకుల్ని మీ బృందంలోకి మీరే పిలవండి.