సంగీతం టీచరును ఏ తక్కెట్లో తూస్తారు?

(వజ్రకరూరులో తండాల యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నది బడుల్లో సంగీతం టీచర్ల గురించి. పట్టాలు, స్కాలర్‌షిప్‌లు, బ్యాక్‌లాగ్ పోస్టులు ఇన్ని ఉండగా సంగీతమేందప్పా అని వెనక వరసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కాస్త విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

వజ్రకరూరులో ఉన్నాం కాబట్టి వజ్రంతోనే మొదలుపెడతా. తొలకరి పడితే చాలు, యాడాడి జనమో వచ్చి మన చేలల్లో తల వంచుకొని తిరుగుతా ఉంటారు. రాయి దొరికినోడికి దాని ధర తెలీదు. ధర కట్టేది వ్యాపారి. రాయి ఎవరికి దొరికినా, తక్కెడ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. బడిలో సంగీతం చెప్పేవాళ్ల గతీ ఇదే. ఒక్క తేడా ఏమంటే, వజ్రాల వ్యాపారికి కనీసం రాయి గురించి తెలుసు.

ఒక సంగీతం టీచరును ఊహించుకోండి. పర్మనెంటు కాదు, పార్ట్‌టైం. ఏడాదికోసారి రెన్యూవల్. మార్చి దాటినాక ఆమె ఉండాలా పోవాలా అని చెప్పేది హెడ్మాస్టరు రాసే నాలుగు ముక్కలే. ఆ నాలుగు ముక్కలు దేన్ని చూసి రాస్తారు? జనవరి 26న పిల్లలు స్టేజీ మీద బాగా చేశారా? ఎమ్మెల్యే వచ్చినప్పుడు ప్రార్థన గీతం చక్కగా పాడారా? మధ్యాహ్న భోజనం దగ్గర వరస నిలబెట్టడానికి సాయపడిందా? పదో తరగతి రిజల్ట్ ఎట్లుంది? ఈ చివరిది చూడండి. పదో తరగతికి మొత్తం 600 మార్కులు. అందులో సంగీతానికి ఒక్క మార్కు కూడా లేదు. డిసెంబరు దాటినాక ఆమె పీరియడ్లన్నీ లెక్కల సారు తీసేసుకుంటాడు. అయినా బడి రిజల్ట్ తగ్గితే అందరితో పాటు ఆమె పేరూ చెడ్డదే.

మీకు ఇది కొత్తగా అనిపించకూడదు. వేరుశనగకు వాతావరణ బీమా కట్టిన ఇళ్లే కదా మనవి. పరిహారం లెక్క మన చేలో పడిన చినుకును బట్టి కాదు, యాడో పెట్టిన వానకొలత యంత్రాన్ని బట్టి. అక్కడ వాన పడి, మన చేలో కాయ ఎండిపోయినా కాగితం మీద మనం బాగున్నట్టే. పక్క చేను వానతో మన పంటను కొలవడం ఎంత అన్యాయమో, లెక్కల మార్కులతో పాట చెప్పేవాళ్లను కొలవడం కూడా అంతే.

ఇది మన దగ్గరే అనుకోవద్దు. అమెరికాలో టెనెస్సీ అనే రాష్ట్రం 2010లో చట్టం చేసింది. టీచరు విలువలో సగం పిల్లల పరీక్ష మార్కుల మీద ఆధారపడాలని. మరి పరీక్షే లేని సంగీతం, బొమ్మలు, నాటకం చెప్పేవాళ్ల సంగతి? బడి మొత్తానికి వచ్చిన స్కోరే వాళ్ల నెత్తిన రుద్దారు. ఫ్లోరిడాలో ఇట్లాంటి పద్ధతి మీదే టీచర్లు 2013లో కోర్టుకు పోయారు. మేం చెప్పని సబ్జెక్టు మార్కులతో, మేం పాఠం చెప్పని పిల్లల మార్కులతో మమ్మల్ని ఎట్లా కొలుస్తారని. 2014లో తీర్పిచ్చిన జడ్జి, ఇది అన్యాయంగానే ఉంది గానీ రాజ్యాంగానికి విరుద్ధమని మాత్రం చెప్పలేనన్నాడు. పై కోర్టూ 2015లో టీచర్లకు అనుకూలంగా రాలేదు. కోర్టుకు పోతే అన్నీ సర్దుకుంటాయని నమ్మేవాళ్లు మనలో ఎక్కువ, అందుకే ఈ సంగతి చెప్తున్నా.

టెనెస్సీలోనే మెంఫిస్ నగరం టీచర్లు ఇంకో దారి పట్టారు. మమ్మల్ని కొలవొద్దు అనలేదు వాళ్లు. కొలవండి, కొలత మేం తయారుచేస్తాం అన్నారు. ఏడాది మొదట్లో పిల్లలు ఎట్లా పాడారో, చివర్లో ఎట్లా పాడారో రికార్డు చేసి పెట్టాలి. ఆ రెండింటినీ, సంగీతం తెలిసిన వేరే బడి టీచరు, ఇది ఎవరి క్లాసో తెలియకుండా విని మార్కులేయాలి. 2012లో ఆ రాష్ట్రం దీన్ని ఒప్పుకుంది. మెంఫిస్‌లో డబ్బుంది, మన దగ్గర లేదు అంటారా? దీనికి కావలసింది ఒక సెల్‌ఫోను, వినే చెవి, అంతే. సెల్‌ఫోను లేని తండా ఏదో చెప్పండి చూద్దాం.

అయితే వినేది ఏంది? ఇక్కడ కాస్త నిదానంగా చెప్తా, ఎందుకంటే మనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. స్టేజీ మీద అయిదుగురు పిల్లలు అద్భుతంగా పాడితే మనం చప్పట్లు కొడతాం. ఆ అయిదుగురూ టీచరు రాకముందే పాడేవాళ్లు కావచ్చు. మిగతా ముప్పై అయిదుమంది ఏం చేశారు? వెనక కూర్చుని చూశారు. కొన్ని చోట్ల అయితే పాట కూడా లేదు, బ్లూటూత్ స్పీకర్లో సినిమా పాట పెట్టి నాలుగు స్టెప్పులు నేర్పి సంగీతం చెప్పామంటారు. పద్ధతిగా కొలిస్తే ఇట్లాంటివాళ్లు కూడా బయటపడాలి. న్యాయంగా కొలవమంటే మనోళ్లను వదిలెయ్యమని కాదు నా మాట.

జూన్‌లో నోరు విప్పని పిల్ల మార్చికి పక్కపిల్లతో కలిసి గొంతెత్తుతోందా? గుంపుగా పాడేటప్పుడు తాళం పరుగెత్తకుండా నిలుస్తోందా? శ్రుతి తప్పితే పిల్లలే గుర్తుపట్టి సర్దుకుంటున్నారా? విన్న పాట గురించి సొంత మాటల్లో ఏమైనా చెప్పగలుగుతున్నారా? ఇంట్లో అవ్వ పాడే పాటను బడికి తెచ్చుకునే ధైర్యం వచ్చిందా? వీటి పక్కనే ఇంకో కాగితం ఉండాలి. వారానికి ఎన్ని పీరియడ్లు రాసుంది, అందులో ఎన్ని నిజంగా జరిగాయి, ఎన్ని బడులు తిరగాల్సి వచ్చింది, హార్మోనియం ఉందా, ఉంటే మెట్లు పలుకుతున్నాయా. వాన లెక్క రాయకుండా పంట దిగుబడి మాత్రం రాస్తే మన జిల్లా రైతులందరూ చేతగానోళ్లే అవుతారు కదా.

బయలుదేరిన చోటు కూడా చూడాలి. మన పిల్లల విషయంలో ఇది రెండు వైపులా పనిచేస్తుంది. సరళీ స్వరాలు రాని తండా పిల్లను "సంగీతం రాదు" అని జూన్‌లో రాసేస్తారు. ఆ పిల్ల తీజ్ రోజుల్లో గోధుమ మొలకల బుట్ట చుట్టూ తొమ్మిది రోజులు పాడి ఉంటుంది. హోలీకి లేంగీ విని పెరిగి ఉంటుంది. ఫిబ్రవరిలో గుత్తి దగ్గర సేవాగఢ్ జాతరలో నగారా దెబ్బకు కాలు కదిపి ఉంటుంది. టీచరు వచ్చేసరికే ఆ చేతుల్లో తాళం ఉంది. దాన్ని సున్నాగా రాసుకుని, మార్చికి నేనే నేర్పానంటే అది దొంగ లెక్క. దాన్ని అసలు వినకుండా, పిల్లకు ఏమీ రాదంటే అది ఇంకా పెద్ద దొంగ లెక్క.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తా. వినే చెవి ఎవరిది?

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అనే యువకుడు, చూపు సరిగా ఆనని మనిషి, అక్కడ విద్యార్థిగా చేరడానికి పోయాడని, ఆయన వాయించింది విని విద్యార్థిగా కాదు, వయొలిన్ ఆచార్యుడిగానే పెట్టుకున్నారని సంగీతం వాళ్లందరూ చెప్పుకుంటారు. 1936లో ఆయనే ఆ కళాశాల ప్రిన్సిపాల్ అయ్యాడు. సర్టిఫికెట్టు అడగలేదు, విన్నారు. నూరేళ్ల కింద ఒక జమీందారీ ఊళ్లో సాధ్యమైంది ఇది. ఇప్పుడు?

సకిని రామచంద్రయ్య గారు కోయ డోలు కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథ కాగితం లేకుండా గుండెలో పెట్టుకున్న మనిషి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయారు. రాష్ట్రపతి చేతి మీదుగా అవార్డు అందుకోదగిన మనిషి, పక్క ఊరి బడిలో సంగీతం టీచరు పోస్టుకు దరఖాస్తు పెడితే? డిప్లొమా ఏదీ అని అడిగి పంపేస్తారు. ఢిల్లీ తక్కెట్లో తూగినాయన బడి తక్కెట్లో తూగడు!

కర్ణాటక సంగీతం మీద నాకు కోపం లేదు, అది గొప్ప విద్య. కానీ ఒకటి గమనించండి. మన ప్రభుత్వ సంగీత కళాశాలల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సుల్లో నాదస్వరం ఉంది, డోలు ఉంది. తరతరాలుగా ఇంట్లో నేర్చుకున్న విద్యకు అక్కడ సిలబస్ రాశారు, పరీక్ష పెట్టారు, ఉద్యోగానికి దారి వేశారు. డోలుకు వీలైనప్పుడు నగారాకు ఎందుకు వీలు కాదు? వంశాల చరిత్ర పాడే ఢాడీల విద్యకు ఎందుకు వీలు కాదు? ఈ ప్రశ్నకు ఇంతవరకు నాకు సరైన జవాబు దొరకలేదు.

ఏకలవ్య గురుకులాల్లో సంగీతం టీచరు పోస్టు ఉంది. 2023లో దేశమంతటికీ కలిపి రిక్రూట్‌మెంట్ చేసినప్పుడు ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు దిద్దే పరీక్ష పెట్టారు. గుండ్రాలు దిద్దే చెయ్యి నగారా మీద ఎట్లా పడుతుందో ఆ షీటుకు తెలుస్తుందా? అయినా ఆ బడులు మనకు దూరమే. జనాభాలో సగానికి పైగా ఎస్టీలు, కనీసం ఇరవై వేలమంది ఉన్న బ్లాకులకే అవి. మనం మైదానంలో చెదిరి ఉన్న తండాలవాళ్లం, షెడ్యూల్డ్ ఏరియాలో లేము. ఇక విద్యాహక్కు చట్టం ప్రకారం కళలకు పార్ట్‌టైం టీచరు ఉండాలంటే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది పిల్లలు దాటాలి. తండా బడిలో అంతమంది యాడ? కాబట్టి మన పిల్ల సంగీతం టీచరు ముఖం చూసేది హాస్టలుకు పోయినాకే. అంత ఆలస్యంగా దొరికే మనిషి మంచిదో కాదో తేల్చే పని జాగ్రత్తగా జరగాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఒక అక్క ఇందాక టీ దగ్గర అడిగింది. మన పాటకు కూడా మార్కులు పెడితే పాట చచ్చిపోదా అని. మంచి ప్రశ్న. ఢావలో తీసుకోండి. పెళ్లికూతురు పుట్టిల్లు వదిలేటప్పుడు తల్లి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేది. దాన్ని స్టేజీ ఎక్కించి ద్వితీయ బహుమతి, స్టీలు గిన్నె ఇస్తే ఎట్లుంటుంది? ఏడుపుకు రెండో ర్యాంకా! కాబట్టి ఏ పాట బడికి రావాలో, ఏది ఇంట్లోనే ఉండాలో తేల్చాల్సింది తండా ఆడవాళ్లు, టీచరు కాదు, మనమూ కాదు. మార్కులు పిల్లలకూ కాదు, పాటకూ కాదు. టీచరు ఆ పాటను ఎంత మర్యాదగా విన్నది, పిల్లల చేత ఎట్లా వినిపించింది అనేదే చూడాలి. ఒక్కోసారి "ఈ పాట నేను నేర్పలేను, మీ అవ్వను పిలుచుకు రండి" అనడమే ఆ టీచరు చేసే గొప్ప పని. దానికి కూడా కాగితంలో ఒక గడి ఉండాలి.

చేతిలో ఉన్న పని చెప్తా. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బడి ఎట్లా నడుస్తోందో చూడటం వాళ్ల పని. మీ అమ్మ పేరో, మీ వదిన పేరో ఆ లిస్టులో ఉండొచ్చు, సంతకానికి తప్ప పిలవకుండా ఉండొచ్చు. వచ్చే మీటింగుకు మీరే తోడు పోండి. మూడు సంగతులు మినిట్స్ పుస్తకంలో రాయించండి. జూన్‌లోనే టీచరుకు ఏం చూసి అంచనా వేస్తారో చెప్పాలి, మార్చిలో కాదు. సంగీతం పీరియడు వేరే సబ్జెక్టుకు తీసుకుంటే ఆ తేదీ రిజిస్టరులో పడాలి. రికార్డింగులు వినేటప్పుడు వేరే బడి సంగీతం టీచరు ఒకరు, తండాలో పాడే పెద్దామె ఒకరు కూర్చోవాలి, ఆమెకు ఆ రోజు కూలీ డబ్బులు ఇవ్వాలి.

హెడ్మాస్టరు రూల్సులో లేదంటాడు. చేయకూడదని ఏ రూల్లో ఉందో చూపించమని మర్యాదగా అడగండి, సార్ అనే అడగండి. పిల్లల గొంతులు రికార్డు చేసే ముందు తల్లిదండ్రుల్ని అడగండి. ఫోను ఎవరి దగ్గర ఉండాలో ముందే అనుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు. ఈ జూన్‌కు రెండు బడుల్లో మొదలైనా చాలు. ఏ రెండు బడులో ఇప్పుడే అనుకుందాం, పేర్లు చెప్పండి.