ఆయుధశాల తాళపుచెవి

(ఒక పఠనమందిర వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేటి సాయంకాలము మీ యెదుట మేము విచారింపబూనిన విషయము పైకి దూరదేశపు విషయమువలె గానవచ్చును. మిత్రరాజ్యమునకు ఆయుధముల నిచ్చుట ధర్మమా, కాదా? ఇచ్చునెడల ఎవరి యనుమతితో నీయవలెను? ఇచ్చినదానికి ఎవరు లెక్క చెప్పవలెను? 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా సైన్యములు ఉక్రెయిను దేశముపై విరుచుకొనిపడినది మొదలు అమెరికాలోను, ఐరోపా దేశములలోను ఈ ప్రశ్నలు శాసనసభలను కుదిపివేసినవి. ఇచ్చుటయే పుణ్యమని కొందరు, ఇచ్చుట మంటలో నెయ్యి పోయుటయే యని కొందరు మన పఠనమందిరములలో సైతము వాదించుకొనుచున్నారు. దండెత్తబడినవాడు ఆత్మరక్షణకై సాయము కోరుట న్యాయము; ఆ సాయము చేయుటయు న్యాయమే. ఇందు మాకు సందేహము లేదు. మా విచారమంతయు తాళపుచెవిని గూర్చియే. ఆయుధశాల ప్రజలది. దాని తాళపుచెవి యెవరి చేత నుండవలెను?

దానమనగానే మనకు దధీచి తలపునకు వచ్చును. వృత్రాసుర సంహారమునకై దేవతలు యాచింపగా ఆ మహర్షి తన యెముకలనే యిచ్చివేసెను. అవి ఆయన సొంతము గనుక మరియొకరి యనుమతి యక్కరలేకపోయెను. ప్రభుత్వము దానము చేయు ఫిరంగి యట్టిది కాదు. అది పన్ను గట్టినవాని సొత్తు. ప్రభుత్వము దానికి ధర్మకర్త మాత్రమే. ధర్మకర్త దేవాలయపు సొమ్మును వెచ్చింపదలచినచో అధికారపత్రము చూపవలెను, జమాఖర్చులు చూపవలెను, ఆ ఖర్చువలన ధర్మమునకు గలిగిన మేలు చూపవలెను. ఇది కోర్టులలో నిత్యము వినబడు మాట. ఆయుధముల విషయమున మాత్రము ఇది తరచుగా మరువబడుచున్నది.

ముందుగా ఖర్చు పరిమాణము నెరుగుదము. స్టాక్‌హోము నగరమందలి సిప్రి యను పరిశోధనసంస్థ లెక్క ప్రకారము 2024వ సంవత్సరమున ప్రపంచ దేశములన్నియు గలిసి సైన్యములకై వెచ్చించినది 2,71,800 కోట్ల డాలర్లు. అందు అమెరికా వాటాయే 99,700 కోట్లు. అనగా మూడవ వంతునకు మించినది. నాటో కూటమి దేశములు 2014లో తమ జాతీయోత్పత్తిలో నూటికి 2 వంతులు రక్షణకు వినియోగింపవలెనని నియమము చేసికొనెను. 2025 జూనులో హేగు నగరమున సమావేశమై, రక్షణకును దాని ననుసరించిన పనులకును గలిపి 2035 నాటికి నూటికి 5 వంతులు వినియోగింప నిశ్చయించినవి.

ఇంత వెచ్చించు రాజ్యములకు ఆయుధముల కొరత యెట్లు కలుగునని మీరడుగవచ్చును. డబ్బు మంజూరు చేయుటకు ఒక దినము చాలును. ఫిరంగిగుండును పోతపోయుటకు కర్మాగారము, పనివారు, మందుగుండు, కాలము కావలెను. యుద్ధమునకు ముందు అమెరికా నెలకు సుమారు 14,000 మాత్రమే 155 మిల్లీమీటర్ల ఫిరంగిగుండ్లను తయారుచేయుచుండెను. ఉక్రెయిను సైన్యము దినమునకు కొన్ని వేల గుండ్లను పేల్చుచుండగా, ఒక మాసపు ఉత్పత్తి కొన్ని దినములకే సరిపోయెడిది. నెలకు లక్ష గుండ్లు చేయుదుమని అమెరికా పూనుకొనెను గాని, ఆ సంకల్పము నెరవేరుటకు ఏండ్లు పట్టునది. ఒక్క సంవత్సరములో పదిలక్షల గుండ్లిత్తుమని 2023 మార్చిలో మాటయిచ్చిన ఐరోపా సమాఖ్య, గడువు నాటికి ఇంచుమించు సగము మాత్రమే ఈయగలిగెను. భుజముపై నుంచుకొని విమానములపైకి ప్రయోగించు స్టింగరు క్షిపణులను అమెరికా ప్రభుత్వము తన సేనలకై క్రొత్తగా కొని పదునెనిమిది ఏండ్లు గడచినవట! వానిని తిరిగి చేయించుటకు ఉద్యోగము విరమించిన వృద్ధులను మరల పిలిపింపవలసి వచ్చెను.

భారతకథలో కర్ణుడు అర్జునునికై దాచుకొన్న శక్తిని ఘటోత్కచునిపై ప్రయోగింపవలసివచ్చెను. ఆ రాత్రి కౌరవసేన దక్కెను. అర్జునునితో పోరు దినమున కర్ణుని చేయి వట్టిదయ్యెను. ఒక యుద్ధమునకై దాచినది వేరొక యుద్ధమున వ్యయమైనచో రేపటికేమని అమెరికా సేనానులు చింతించుటలో తప్పు లేదు. కాని ఈ చింతను ప్రజల యెదుట పెట్టి తీర్పు కోరినవారు తక్కువ.

కొరత సరకుతో ఆగదు. నియమమును గూడ కరగించును. 2023 జూలైలో మామూలు గుండ్లు చాలనందున అమెరికా ఉక్రెయినునకు క్లస్టరు బాంబులను పంప నిశ్చయించెను. ఒక్కొక్క బాంబు విచ్చుకొని అనేకమైన చిన్నబాంబులను వెదజల్లును. వానిలో కొన్ని అప్పుడు పేలక నేలలో పడియుండి, యుద్ధము ముగిసిన పిమ్మట పొలము దున్ను రైతును, ఆటలాడు బిడ్డను పొట్టబెట్టుకొనును. వీనిని నిషేధించుచు 2008లో జరిగిన ఒడంబడికలో నూటికి పైగా దేశములు చేరినవి. అమెరికా, రష్యా, ఉక్రెయిను అందు చేరలేదు. మన దేశమును చేరలేదు. ఆయుధశాల వట్టిపోయినపుడు ధర్మశాస్త్రము మూలబడుననుటకు ఇంతకన్న నిదర్శన మేల?

ఇక లెక్కల మాట. 1961 నాటి అమెరికా శాసనము ప్రకారము అధ్యక్షుడు సొంత సేనల నిలువలనుండి సంవత్సరమునకు 10 కోట్ల డాలర్ల విలువగల ఆయుధములను అత్యవసర సమయమున ఇతర దేశములకు పంపవచ్చును. 2022లో శాసనసభ ఆ సంవత్సరమునకు ఈ హద్దును 1,100 కోట్లకు పెంచెను. పాత ఫిరంగికి ధర కట్టుట యెట్లు? వాడి తరిగిన విలువయా, దాని స్థానమున క్రొత్తది కొనుటకగు వెలయా? సైనికశాఖవారు రెండవ విధమున లెక్కగట్టిరి. 620 కోట్ల డాలర్లు ఎక్కువగా లెక్కవేసితిమని 2023 జూనులో వారే ప్రకటించిరి. మన ఊరి సహకారసంఘపు గుమాస్తా 620 రూపాయలు తప్పు వ్రాసినచో సంజాయిషీ యడుగుదుము. ఇచ్చట 620 కోట్ల డాలర్ల తేడా వచ్చి, మరిన్ని ఆయుధములు పంపుటకు వీలు చిక్కినదన్న మాటతో ముగిసెను.

శాసనసభ చేతికి తాళపుచెవి యిచ్చినచో చర్చలతో కాలము గడచిపోవుననియు, అంతలో యుద్ధభూమిలో మనుష్యులు చత్తురనియు కొందరు వాదింతురు. ఇది బలమైన వాదము. దీనికి సమాధానము చెప్పక తప్పదు. 2023 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు కోరిన సాయము 2024 ఏప్రిల్ దాక మంజూరు కాలేదు. ఆ నడుమ ఉక్రెయిను సైనికులు గుండ్లను లెక్కించి వాడుకొనిరి. ఫిబ్రవరిలో అవ్‌దీవ్కా పట్టణము వారి చేజారెను. అయితే ఆ ఆలస్యము చర్చవలన గలిగినదా? సెనెటు సభ ఫిబ్రవరి 13న 70 వోట్లతో ఆ బిల్లును ఆమోదించియే యుండెను. ప్రతినిధిసభలో దానిని రెండు మాసములు వోటునకే పెట్టలేదు. ఏప్రిల్ 20న ఉక్రెయిను సాయపు బిల్లు వోటునకు రాగా 311 మంది అనుకూలముగను, 112 మంది ప్రతికూలముగను నిలిచిరి. సుమారు 6,100 కోట్ల డాలర్లు మంజూరయ్యెను. చర్చకు తలుపు మూసినందువలన మాసములు గడచెను; తలుపు తెరచిన దినముననే తీర్పు వెలువడెను.

పూర్వపు సాక్ష్యమును గూడ విచారింపుడు. లండను నగరముపై జర్మను బాంబులు కురియుచుండగా, 1941 జనవరి 10న అరువు ఆయుధముల బిల్లు అమెరికా శాసనసభలో ప్రవేశపెట్టబడెను. వ్యతిరేకులు ఘోరముగా పోరాడిరి. ప్రతినిధిసభలో 260కి 165, సెనెటులో 60కి 31 వోట్లతో నెగ్గి మార్చి 11న శాసనమయ్యెను. సరిగా అరువది దినములు! ఆ శాసనమునకు గడువుండెను. గడువు తీరినపుడెల్ల సభ మరల వోటు చేయవలసివచ్చెను. అధ్యక్షుడు తొంబది దినముల కొకమారైన సభకు నివేదిక సమర్పింపవలెనని నిబంధన యుండెను. యుద్ధాంతము నాటికి ఆ శాసనము క్రింద ఇంచుమించు 5,000 కోట్ల డాలర్ల సాయము సాగెను. ఆ వోటు జరిగిన దినమున ఒక్క ఫిరంగియు ఓడ దిగలేదు. అయినను ఒక మహాప్రజ బహిరంగముగా వాదించుకొని తమ వెంట నిలిచినదని బ్రిటిషువారికి తెలిసెను, హిట్లరునకును తెలిసెను. వోటు స్వయముగా ఆయుధమగుట యిదియే.

తాళపుచెవి యొక్కని చేత నున్నచో ఫలమెట్లుండునో 2025వ సంవత్సరము చూపినది. మార్చి 3న అమెరికా నూతనాధ్యక్షుని ఆజ్ఞతో ఉక్రెయినునకు సైనిక సాయము నిలిచిపోయెను. 11న మరల సాగెను. జూలై మొదట సొంత నిలువలు తరుగుచున్నవని కొన్ని ఆయుధములను ఆపిరి. కొలది దినములలోనే మరల పంపిరి. ఇచ్చుటకు ఒక మాట, ఆపుటకు ఒక మాట. నిలువలు తరిగిన మాట నిజమైనచో సభ యెదుట ఋజువు చేయవలెను. ఆ ఊగిసలాటలో కందకమున కూర్చున్న సైనికుని గతి యేమి?

ఇచ్చిన ఆయుధము ఇచ్చినవాని మాట వినునా? ఈ ప్రశ్నకు మన దేశమే నెత్తుటితో బదులు వ్రాసినది. 1954లో అమెరికా పాకిస్తానునకు సైనిక సాయము చేయ బూనినపుడు, ఆ సాయము దురాక్రమణకు వాడబడినచో తగు చర్య తీసికొందుమని అధ్యక్షుడు ఐసెన్‌హోవరు నెహ్రూగారికి ఫిబ్రవరి 24న లేఖ వ్రాసెను. పదునొకండేండ్లు గడచెను. 1965 సెప్టెంబరులో పంజాబు చెరకుతోటల నడుమ, ఖేమకరణ్ సమీపమున, ఆ ప్యాటన్ ట్యాంకులే మనపై నడచివచ్చెను. అసల్ ఉత్తర్ వద్ద మన సైనికులు వానిని నిలువరించిరి. అబ్దుల్ హమీదు వంటి వీరులు ప్రాణములొడ్డిరి. అమెరికా ఉభయపక్షములకు ఆయుధములు నిలిపివేసెను. ట్యాంకు ముందుకు కదలిన పిమ్మట లేఖ కేమి విలువ? షరతులు శాసనములో నుండవలెను, వాని నతిక్రమించినచో ఏమి జరుగునో ముందుగానే వ్రాసియుండవలెను. ఆయుధ పరిశ్రమయు సైన్యమును జతగూడి రాజ్యముపై పెత్తనము చేయు ప్రమాదమున్నదని 1961లో పదవి విడుచుచు హెచ్చరించినవాడును ఆ ఐసెన్‌హోవరే!

సోదరులారా! ఇది పరదేశపు కథ యని లేచిపోవలదు. అబిసీనియాకు 1867లోను, ఈజిప్టునకు 1882లోను పంపబడిన భారతసేనల ఖర్చు కొంత మన నెత్తిన రుద్దబడెను. మనల నడిగినవారు లేరు. 1895లో ఏర్పడిన వెల్బీ సంఘములో దాదాభాయి నౌరోజీ సభ్యుడై, గోఖలే, వాచా మున్నగువారు సాక్షులై ఈ యన్యాయమును ఋజువు చేసిరి. 1919 నాటి శాసనము సైనిక వ్యయమును వోటునకు పెట్టరాని పద్దుగా నుంచెను. ఆ పద్దుపై వోటు హక్కు మనకు స్వరాజ్యముతో సిద్ధించినది; రాజ్యాంగము 113వ అధికరణమున దానిని స్థిరపరచినది. అట్టి హక్కును మన మెట్లు వాడుకొనుచున్నాము? 2018 మార్చి 14న లోకసభ కోలాహలము నడుమ, రక్షణశాఖతో సహా అన్ని శాఖల పద్దులను చర్చ లేకయే ఒక్క ఊపున ఆమోదించెను. దీనిని గిలటిన్ అందురు, పేరునకు తగినదే! 2025-26 సంవత్సరమునకు మన రక్షణ వ్యయపు అంచనా 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు.

మరియు మనము నేడు ఆయుధములను కొనువారము మాత్రమే కాము. 2024-25లో 23,622 కోట్ల రూపాయల రక్షణసామగ్రిని పరదేశములకు పంపితిమి. బ్రహ్మోసు క్షిపణులు 2024 ఏప్రిల్‌లో ఫిలిప్పీను దేశమునకు చేరినవి. ఆ క్షిపణులను కూర్చు కర్మాగారము మన హైదరాబాదులో గలదు. అమెరికావారి ప్రశ్నలు మన గుమ్మమునకు వచ్చినవి.

రక్షణ విషయములు రహస్యములనియు, బహిరంగమున చర్చింపరానివనియు అందురు. ఏ ఫిరంగి యే కొండచాటున నున్నదో చెప్పుమని మే మడుగుట లేదు. ఎవరికిచ్చితిరి, ఎంతకిచ్చితిరి, ఏ షరతుపై నిచ్చితిరి, ఇచ్చిన పిదప మన సైనికునికి మిగిలినదెంత? ఈ నాలుగింటికి సమాధానము కోరుచున్నాము. నాలుగవదానిని సభాసంఘము మూసిన తలుపుల వెనుక విచారించినను మాకు సమ్మతమే. విచారణ జరుగుట ముఖ్యము.

మీ నియోజకవర్గపు పార్లమెంటు సభ్యుడు ఈ యూరికి వచ్చినపుడు రోడ్డును గూర్చి, రైలును గూర్చి అడుగుడు. అది మీ హక్కు. దానితోపాటు రక్షణశాఖ పద్దుపై ఆయన యేమి మాటలాడెనో, అసలు మాటలాడెనో లేదో గూడ అడుగుడు. అడుగువాడు లేని యింట తాళపుచెవి దొరికినవాని దగును. ఆయుధశాల విషయమున అట్లు కానీయకుండుట పౌరులుగా మీకును మాకును విధి.