మోటారు సైకిలు చమురు కారుట



సంస్కృతాంధ్రములు బోధించుచు ముప్పదియైదు సంవత్సరములు సుద్దముక్క పట్టిన నేను నేడు మోటారు సైకిలునుగూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. కాని కాలము మారినది. మా చిన్నతనమున ఊరిలో కలిగినవారి ఇంటనెల్ల ఎడ్లబండి యుండెడిది. ఇరుసునకు కందెన పెట్టుటయు, ఎద్దు కుంటినచో గిట్టలో ముల్లు దిగినదేమో చూచుటయు ఇంటి యజమానునికి తెలిసియుండెడిది. ఆ బండి నిలిచిన వసారాలోనే ఈనాడు మోటారు సైకిలు నిలుచుచున్నది. దానికి జబ్బు చేసినచో మాత్రము మనము చేతులు కట్టుకొని, మెకానిక్కు చెప్పినదెల్ల వేదవాక్యమని తలయూచుచున్నాము. నేనును అట్లే తలయూచినవాడను. అందువలన జరిగిన కీడును, పిమ్మట నేను నేర్చుకొన్నదానిని మీకు విన్నవించెదను.

2020 మార్చి చివర కరోనా వ్యాధి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు మా పాతబండి చాల నెలలు వసారాలో కదలక యుండెను. ఆ యేటి కార్తికమాసమున దానిని మరల బయటికి తీసితిమి. పదునైదు దినములు గడచునప్పటికి, అది నిలిచినచోట నేలపై అరచేతి వెడల్పున నల్లని మరక కనబడజొచ్చెను. పాతబండి, నాలుగు చుక్కలు కారకుండునా యని ఉపేక్షించితిమి. ఆ ఉపేక్షాఫలమును అనుభవించినవాడు మా తమ్ముని కుమారుడు. కాలువగట్టు మలుపున ఎడమవైపునకు తిరుగుచుండగా వెనుకచక్రము జారి, పడి, మణికట్టు విరుగగొట్టుకొనెను. బాటపై ఇసుక లేదు, తడి లేదు. బండిని లేవనెత్తి చూడగా టైరుయొక్క ఎడమ అంచు చమురుతో మెరయుచుండెను. ఇంజను ఎడమప్రక్కను కారిన చమురును ఎదురుగాలి వెనుకకు నెట్టి చక్రమునకు చేర్చినదన్నమాట. నేలమీది మరకను చూచి నవ్వుకొన్న మేము చక్రమును ఒక్కమారైన చూడలేదు.

మెకానిక్కు వచ్చి ఇంజను తలమీది మూత విప్పి ప్యాకింగు మార్చెను. వారమునకు మరల కారెను. మరల మార్చి, ఈమారు ఎఱ్ఱని జిగురు దట్టముగా పట్టించెను. నాలుగు దినములు ఆగి మరల కారెను. అప్పుడతడు, “లాభం లేదు మేష్టారూ, ఇంజను దింపాలి. బోరు తీయించి పిస్టను మార్చాలి. ఎనిమిది వేలవుతుంది” అనెను. అతడు మోసగాడు కాడు. పిస్టను రింగులు అరిగిన ఇంజను నిజముగానే అట్లు కారును. కాని రింగులు అరిగినచో చమురు పైకెక్కి పెట్రోలుతోపాటు మండి, సైలెన్సరునుండి నీలిపొగ రావలెను. మా బండికి పొగ లేదు, లాగుడులో లోపము లేదు. ధూమము లేనిచోట అగ్ని నెట్లు ఊహింతునని నాలోని తార్కికుడు మొరాయించెను. నాలుగు దినములు గడువిమ్మని అతనిని పంపివేసితిని.

మొదట తెలిసికొనవలసినది కారుచున్న ద్రవమేది యని. ఇంజను చమురు వాడినకొలది నల్లబడును. గేరుపెట్టెకు వేరుగా చమురు పోయు బండ్లలో ఆ చమురు చిక్కగా నుండి గంధకపు వాసన కొట్టును. ముందు ఫోర్కులలోనిది పలుచన. పెట్రోలు చుక్క నేలపై నిలువక ఆవిరియగును. చైనుకు మితిమీరి పూసిన చమురు చిమ్మి చక్రమునకు అంటుకొనుట సామాన్యము. దానినే ఇంజను లోపమని భ్రమించి డబ్బు వదిలించుకొన్నవారిని నేనెరుగుదును. మా బండి క్రింద వార్తాపత్రిక పరచి, చక్రములు తాకినచోట్లు గీతగీసి, రాత్రియంతయు ఉంచితిని. తెల్లవారి చూడగా చుక్కలు నల్లగా ఇంజను అడుగున పడియుండెను. అది ఇంజను చమురే.

ఇక అది యెక్కడనుండి వచ్చుచున్నది? ఇచ్చటనే ఎల్లరు పొరబడుదురు. పెంకుటింటిలో వాన కురియునప్పుడు చుక్క మంచముపై పడును. మంచమునకు నేరుగా పైనున్న పెంకును మార్చినచో ప్రయోజనముండదు. పగిలిన పెంకు నడికొప్పు దగ్గర నుండును. నీరు వాసము వెంట జారి వచ్చి, వాసము వంగినచోట చుక్కయై రాలును. చమురును అంతియే. పైన పుట్టి, ఇంజను రెక్కల సందున దిగి, గాలికి వెనుకకు పోయి, చిట్టచివర నేదో బోల్టు మొనకు వ్రేలాడి రాలును. పాపము, ఆ బోల్టునే అందరును బిగింతురు. కావున వెదకుట క్రిందినుండి పైకిని, వెనుకనుండి ముందునకును సాగవలెను. తడి మొదలైన మిక్కిలి ఎత్తైనచోటే దాని పుట్టుక.

అది కనబడవలెనన్న పాత జిడ్డు పోవలెను. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, దరిదాపుల నిప్పులేకుండ చూచుకొని, కిరసనాయిలుతోను కుంచెతోను రుద్ది, సబ్బునీటితో కడిగితిని. కార్బురేటరు గాలి పీల్చు నోటికి ముందుగా ప్లాస్టిక్ సంచి కట్టితిని. వేడి ఇంజనుపై నీళ్లు పోయుట కూడదు, పోతయినుము పగులవచ్చును. తుడిచి ఎండలో ఆరబెట్టి, ఇంటనున్న సుద్దముక్కలను మెత్తగా నూరి, పలుచని గుడ్డలో మూటగట్టి, ఇంజనుపై అంతట తట్టితిని. బండి భస్మము పూసికొన్న జంగమదేవరవలె నుండెను. మా యింటివారు నవ్విరి. పిమ్మట ఆ సంచి విప్పి, స్టాండుపై నిలిపి పది నిమిషములు ఇంజను నడిపి, టార్చిలైటుతో చూచితిని. తెల్లని సుద్దపై చమురు తడి కాటుకగీతవలె స్పష్టముగా తెలిసినది.

అయితే నేను చూడబోయినది ఒక గీత, చూచినవి మూడు. తలమీది మూతయొద్ద ఒకటి, సిలిండరు పాదమున ఒకటి, కుడిప్రక్క మూత అంచున మరియొకటి. ఆరునెలల క్రిందట ఒక్కచోటును కారని బండికి మూడుచోట్ల ప్యాకింగులు ఒక్కమారుగా చెడునా? ఒకే ఇంట మువ్వురకు ఒకేరాత్రి వాంతులైనచో వైద్యుడు మూడు రోగములను వెదకడు, వారు త్రాగిన నీటిబావి నడుగును. లోపల ఏదియో త్రోయుచున్నది, సందు దొరికినచోటనెల్ల చమురు వెలికి వచ్చుచున్నది.

ఆ త్రోయునది గాలి. దృష్టాంతమునకు, మద్రాసున కూర్చిన బుల్లెట్టు బండి 350 తరగతి ఇంజనును తీసికొందము. మా బండి అది కాదుగాని, మాదియు ఒకే సిలిండరు గలది. ఆ బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, అందు పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. లెక్కకట్టిన 346 ఘన సెంటీమీటర్లగును. అనగా పిస్టను దిగినప్పుడెల్ల ఒక పెద్దగ్లాసెడు గాలి దాని క్రింద నొక్కబడుచున్నది. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ఇది సెకనునకు 50 మారులు జరుగును. దీనికి తోడు రింగుల సందునుండి మండిన వాయువు కొంత దిగుచునేయుండును. ఇదంతయు వెలికి పోవుటకు ఇంజనునకు ఒక ఊపిరిగొట్టమును అమర్తురు. మెకానిక్కులు దానిని బ్రీదరు పైపు అందురు. ముక్కు మూసినవాడు నోట ఊపిరి విడుచును. నోరును లేని ఇంజను ప్యాకింగుల సందున విడువక యేమిచేయును?

ఊహ కుదిరినంతమాత్రమున నిశ్చయము కాదు. తర్కమున అన్వయవ్యతిరేకములని రెండు పరీక్షలు కలవు: అది యున్న ఇది యుండుట, అది లేనిచో ఇది లేకుండుట. చమురు పోయు మూత వదులుచేసి, తుంపరలు చిందకుండ గుడ్డ కప్పి, ఇంజను నడిపితిని. గుడ్డ క్రింద గాలి బుసకొట్టినది, క్రొత్తగా తుడిచి సుద్ద చల్లినచోట్లు పొడిగా నిలిచినవి. మూత బిగించి నడిపితిని, అయిదు నిమిషములలో మూడు గీతలును మరల కనబడినవి. రెండుమారులు అట్లే చేసితిని, రెండుమారులును అదే ఫలము.

అప్పుడు ఊపిరిగొట్టము విప్పితిని. నోటియొద్ద ఏమియు లేదు. సన్నని తీగ దూర్చగా వంపుకడ గట్టిగా తగిలినది. గొట్టమును వేడినీట నానవేసి తట్టగా బొటనవ్రేలంత మట్టికణిక వెలికివచ్చెను. అందు ఎండిన ఆకుపచ్చని పురుగులు నాలుగు. బండి కదలక నిలిచిన ఆ నెలలలో మట్టితో ఇల్లుకట్టు కందిరీగ ఒకటి ఆ గొట్టమును పురిటిల్లుగా చేసికొన్నది. మన వేదాంతులు భ్రమరకీటన్యాయమని చెప్పుదురుకదా, భ్రమరము గూటిలో పెట్టిన పురుగు దానినే ధ్యానించి భ్రమరమగునని. ఆ న్యాయమును ఎన్నియోమారులు పిల్లలకు చెప్పితిని. కాని నిజమునకు ఆ పురుగు తల్లి కుట్టుటచే చలనముడిగి, పుట్టబోవు పిల్లకు ఆహారముగా అచ్చట పడియుండును. ఉపమానము మంచిదే, పురుగునకు మాత్రము కాదు.

గొట్టము శుభ్రమైనను తలమీది ప్యాకింగు అప్పటికే చిట్లియుండెను. మెకానిక్కును పిలిచి మూడవమారు మార్పించితిని. ఈమారు నేను దగ్గరనుండి రెండు కోరితిని. జిగురు పలుచగా పూయుమంటిని. దట్టముగా పూసినది బయటికేగాక లోనికిని ఉబికి, ముక్కలై ఊడి, చమురు పోవు సన్నని రంధ్రమును మూయును. అప్పుడు కారుట మానినను ఇంజను ఎండి పట్టివేయును. రెండవది, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపుమంటిని. ఒకవైపు పూర్తిగా బిగించి రెండవవైపునకు పోయినచో మూత ఒరిగి సందు మిగులును. అల్యూమినియము శరీరమున బలముకొలది బిగించినచో మరయే ఊడివచ్చును. అడుగున చమురు వదలు బోల్టు క్రింది రాగి వాషరు గట్టిపడినచో ఎంత బిగించినను ఆగదు. దానిని ఎఱ్ఱగా కాల్చి చల్లార్చిన మెత్తబడి మరల ఒదుగును. ఇది మన కంసాలులందరకును తెలిసినదే, మెకానిక్కుకు నేను చెప్పవలసివచ్చెను.

నా తప్పు నొకదానిని దాచుట ధర్మము కాదు. కారిపోయినదను భయముచే నేను రోజును కొంత చమురు పోయుచు వచ్చితిని. కొలత పుల్లపై గీత దాటియుండెను. ఎక్కువైన చమురును తక్కువైనదానివలెనే కీడు: తక్కువైనచో ఇంజను పట్టివేయును, ఎక్కువైనచో లోపల చిలుకబడి సందులవెంట పొంగును. బండితో ఇచ్చిన పుస్తకములో చెప్పినట్లు, చదునైన నేలపై నిలిపి చూడవలెను. వదలిన పాతచమురును కాలువలోగాని గొడ్లు త్రాగు చెరువులోగాని పోయకుడు. డబ్బాలో పట్టి, పాతచమురు కొనువారికి ఇండు. చమురంటిన టైరును సబ్బునీటితో రుద్దవలెను. కిరసనాయిలు రబ్బరును చెరచును.

మొత్తము ఖర్చు ప్యాకింగునకును కూలికిని కలిపి 400 రూపాయలు దాటలేదు. మా తమ్ముని కుమారుని చేయి అతుకుకొన్నదిగాని, చలికాలమున ఇంకను లాగుచున్నదని చెప్పుచుండును. వాని ఎదుట నేను ఆ 8,000 మిగిలిన మాట ఎత్తను. ఇప్పుడు బండి పదిదినములు కదలక నిలిచినచో, తీయుటకు ముందు ఊపిరిగొట్టము నోట చీపురుపుల్ల పెట్టి చూచుచున్నాను. నిన్న ప్రొద్దున చూచినప్పుడు గొట్టము శుభ్రముగానే యున్నది. కందిరీగ మాత్రము మా వీధిగుమ్మము పైకమ్మికి మట్టి మోయుచున్నది.